గడ్డకట్టిన రోడ్డు మీద ఆఫీసు సైకిల్‌కి మేకుల టైర్లు: ఏది కొనాలి, ఎంత గాలి పెట్టాలి

చలికాలంలో సైకిల్ మీద ఆఫీసుకి వెళ్లేవాళ్లని పడగొట్టేది మోకాలి లోతు మంచు కాదు. అది దూరం నుంచే కనిపిస్తుంది, దిగి నడిపించుకుంటూ పోవచ్చు. పడగొట్టేది నిన్న మధ్యాహ్నం కరిగి రోడ్డు వారన పారి, రాత్రి మళ్లీ గడ్డకట్టిన చారెడు నీళ్లు. అది తారు రంగులోనే కలిసిపోతుంది. తెల్లవారుజామున తడి రోడ్డుకీ దానికీ తేడా తెలియదు. వంతెనల మీద అన్నిటికంటే ముందు తయారవుతుంది, ఎందుకంటే అక్కడ చల్లగాలి పైనుంచే కాదు, కింద నుంచి కూడా తగులుతుంది. ఎత్తైన గోడ నీడ పడే మలుపుల్లో, డాబా గొట్టాలు నీళ్లు వదిలే చోట్ల, తూము మూతల చుట్టూ పొద్దెక్కినా కరగదు.

మేకుల టైరు ఉన్నది ఈ చారెడు జాగా కోసమే. ఆకాశం నుంచి రాలి ఇంకా గట్టిపడని మెత్తటి మంచులో మేకులకి దొరకబుచ్చుకోవడానికి ఏమీ ఉండదు. అక్కడ పనిచేసేవి టైరు వెడల్పు, లోతైన గళ్లు, తక్కువ గాలి. మేకుకి గట్టి గాజులాంటి ఉపరితలం కావాలి. ఈ తేడా తెలియకుండా కొంటే నిరాశే మిగులుతుంది. తెలిసి కొంటే మాత్రం, చలికాలపు సైకిల్‌కి పెట్టే ఖర్చులో మొదటిది ఇదే కావాలని మా గట్టి అభిప్రాయం. ఖరీదైన జాకెట్టు, రెండో లైటు, చేతి తొడుగులు అన్నీ దీని తర్వాతే.

ఇంకో సంగతి. మైనస్ ఇరవై డిగ్రీల పొద్దు కంటే సున్నాకి అటూ ఇటూ ఊగే పొద్దు ఎక్కువ ప్రమాదం. గడ్డ మంచు కరిగే స్థితికి దగ్గరగా ఉన్నప్పుడు దాని పైన పలచటి నీటి పొర ఉంటుంది, జారుడు ఆ పొర వల్ల పెరుగుతుంది. బాగా చలి ముదిరాక మంచు పొడిగా, కాస్త గరుకుగా మారి రబ్బరుకి కూడా కొంత పట్టు ఇస్తుంది. కాబట్టి ‘మా దగ్గర అంత చలి ఉండదు, సున్నా చుట్టూనే’ అని ఈ టైర్లు వద్దనుకోవడం సరైన లెక్క కాదు.

మేకు దగ్గర మొదలుపెడదాం, మంచి టైరుకీ నాసిరకానికీ తేడా అక్కడే ఉంది. టైరు గళ్లలో చిన్న గుంటలు ఉంటాయి. ఒక్కో గుంటలో ఒక్కో మేకు. మేకు అడుగు భాగం వెడల్పుగా ఉండి రబ్బరులో ఇరుక్కుని కూర్చుంటుంది, పైన మిల్లీమీటరు అటూ ఇటుగా మొన బయటికి వస్తుంది. ఆ మొన దేనితో చేశారన్నది అసలు ప్రశ్న. ఉత్త ఉక్కు మొన అయితే పొడి తారు మీద త్వరగా అరిగి గుండ్రంగా తయారవుతుంది. ఆఫీసు దారిలో పొడి తారే ఎక్కువ కాబట్టి ఒకటి రెండు సీజన్లలోనే పని అయిపోతుంది. టంగ్‌స్టన్ కార్బైడ్ మొన అయితే చాలా గట్టిది, సరిగ్గా వాడితే ఏళ్ల తరబడి నిలుస్తుంది. పెట్టె మీద ‘కార్బైడ్’ అన్న మాట లేకపోతే, ధర ఎంత తక్కువైనా కొనొద్దు. అయస్కాంతం పెట్టి చూసి తేల్చుకోవాలనుకుంటారు కొందరు, అది నమ్మదగ్గ పరీక్ష కాదు. మేకు ఒళ్లు ఉక్కుదై మొన మాత్రమే కార్బైడ్‌ది కావచ్చు.

తర్వాత చూడాల్సింది వరుసలు. రెండు వరుసల టైర్లు, నాలుగు వరుసల టైర్లు అని స్థూలంగా రెండు జాతులు. ఫిన్లాండ్ కంపెనీ నోకియన్ పేరుతో పేరుపడ్డ హక్కాపెలీట్టా డబ్ల్యూ106 రెండు వరుసల రకం, పేరులోని అంకె మేకుల సంఖ్యే. అదే వంశంలో 240 మేకులది కూడా ఉంది. కాంటినెంటల్ వాళ్ల నార్డిక్ స్పైక్ కూడా 120, 240 అని రెండు రకాలుగా వచ్చింది. జర్మనీ కంపెనీ ష్వాల్బే వాళ్ల మారథాన్ వింటర్ ప్లస్ నాలుగు వరుసలది, పంక్చర్ అడ్డు పొర మందంగా ఉన్నది, పక్కల వెలుతురు పడితే మెరిసే పట్టీ ఉన్నది.

రెండు వరుసలది తేలిక, చప్పుడు తక్కువ, పొడి రోడ్డు మీద కాళ్లకి అంత బరువు అనిపించదు. చదునైన రోడ్డు మీద నిటారుగా పోయేటప్పుడు దాని పట్టు సరిపోతుంది. సమస్య గాడి దగ్గర వస్తుంది. కార్లు తొక్కిన మెత్తటి మంచు పగలు నీళ్లై రాత్రి గట్టిపడితే, రోడ్డు మీద నాగలి చాళ్లలా గట్టి గాళ్లు ఏర్పడతాయి. చక్రం ఆ గాడిలోకి దిగి బయటికి రావాలని చూసినప్పుడు గాడి గోడకి తగిలేది టైరు నడుమ కాదు, భుజం, అంటే టైరు పక్క వంపు. భుజం మీద మేకు లేకపోతే రబ్బరు ఆ గోడ వెంట జారుతుంది, హ్యాండిల్ ఒక వైపుకి, మనిషి ఇంకో వైపుకి. నాలుగు వరుసల టైరులో బయటి రెండు వరుసలు ఉన్నది ఇందుకే. మలుపులో సైకిల్ వాలినప్పుడు నేలకి ఆనేవి కూడా అవే.

అందుకని మా తీర్పు ఇది: దారిలో మున్సిపాలిటీ బండి రోజూ గీకి ఉప్పు చల్లే పెద్ద రోడ్డే ఎక్కువగా ఉంటే రెండు వరుసలు చాలు. వీధి సందులు, పార్కు దారులు, ఎవరూ గీకని సైకిల్ బాటలు ఉంటే నాలుగు వరుసలు తప్ప వేరే మాట వద్దు. సందేహంగా ఉంటే నాలుగు వరుసలే తీసుకోండి, బరువు గురించి చేసే ఫిర్యాదు మొదటి వారంలోనే తగ్గిపోతుంది.

ఒక్క టైరుకే డబ్బుంటే అది ముందు చక్రానికి. వెనక చక్రం జారితే సైకిల్ తోక ఊపుతుంది, చాలాసార్లు కాలు ఆన్చి నిలదొక్కుకోవచ్చు. ముందు చక్రం జారితే ఆలోచించే వ్యవధి ఉండదు, భుజమో మణికట్టో నేలకి తగిలాకే తెలుస్తుంది. వెనక మాత్రమే వేసి ముందు వదిలేయడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు. వెనక పట్టు బాగుందని ధైర్యంగా పోతారు, ముందు చక్రం ఆ ధైర్యానికి సిద్ధంగా ఉండదు. దారిలో ఎత్తుపల్లాలు ఉంటే రెండోది కూడా కావాల్సిందే. ఎక్కేటప్పుడు తొక్కే బలం, దిగేటప్పుడు జాగ్రత్తగా వేసే బ్రేకు రెండూ వెనక చక్రం మీదే ఆధారపడతాయి.

సైజు కొనేముందు పాత టైరు పక్కన 37-622, 42-622, 47-559 లాంటి అంకెలు చదవండి. మొదటిది వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది రిమ్ము మీద టైరు కూర్చునే వ్యాసం. రెండోది కచ్చితంగా కలవాలి, మొదటిది సైకిల్‌లో ఉన్న ఖాళీని బట్టి. మేకులు బయటికి పొడుచుకు వస్తాయి, గళ్లు కూడా ఎత్తు. మడ్‌గార్డుకీ టైరుకీ మధ్య చుట్టూ కనీసం ఓ పది మిల్లీమీటర్లు మిగిలేలా చూడండి. అంతకంటే బిగువుగా ఉంటే తడి మంచు ఆ సందులో చేరి గట్టిపడి చక్రాన్నే పట్టేస్తుంది. ఖాళీ చాలకపోతే మడ్‌గార్డు తీసేయడం కంటే ఒక సైజు సన్నటి టైరు మేలు. ఉప్పు నీళ్లు నేరుగా గేర్ల మీద, వీపు మీద చిమ్మడం చలికాలం మొత్తానికి ఖర్చైన వ్యవహారం.

బిగించేటప్పుడు వెచ్చటి గదిలో కూర్చోండి. మందపాటి అడ్డు పొర ఉన్న టైరు చలిలో కర్రలా బిగుసుకుంటుంది. చేతికి మందం తొడుగులు వేసుకోండి, మేకులు అరచేతిని గీరేస్తాయి. టైరు పక్కన బాణం గుర్తు ఉంటుంది, చక్రం ముందుకి తిరిగే వైపుకి అది ఉండాలి. ఒక పక్క అంచు ముందు ఎక్కించి, ట్యూబులో కాస్త గాలి కొట్టి గుండ్రంగా తెచ్చి లోపల పెట్టండి. రెండో అంచు వాల్వుకి ఎదురుగా ఉన్న చోట మొదలుపెట్టి వాల్వు దగ్గర ముగించాలి. చివరి జానెడు ఎక్కకపోతే, టైరు ఎక్కించే లీవరు చేతికి తీసుకునేముందు ఒక పని చేయండి: ఇప్పటికే ఎక్కిన అంచు అంతటినీ బొటనవేళ్లతో రిమ్ము నడిమి పల్లంలోకి తోసుకుంటూ రండి. అక్కడ వ్యాసం తక్కువ కాబట్టి చివర్లో కాస్త వదులు దొరుకుతుంది. లీవరుతో బలవంతంగా ఎక్కిస్తే ట్యూబుని రిమ్ముకీ లీవరుకీ మధ్య నొక్కి, కొత్త టైరుకి మొదటి పంక్చరు మనమే చేస్తాం. గాలి కొట్టాక టైరు పక్కన రిమ్ము అంచు వెంట ఉండే సన్నటి గీత చుట్టూ ఒకే ఎత్తులో ఉందో లేదో చూడండి. ఒక చోట లోపలికి దిగి ఉంటే గాలి తీసి, ఆ అంచుకి సబ్బు నీళ్లు రాసి మళ్లీ కొట్టండి.

ఇక్కడ చాలామంది వదిలేసే అడుగు ఒకటి ఉంది. కొత్త మేకులు గుంటల్లో ఇంకా పూర్తిగా కుదురుకోవు. మొదటి 40-50 కిలోమీటర్లు మంచు లేని తారు మీద, దూకుడుగా తొక్కకుండా, గట్టిగా బ్రేకు వేయకుండా నడపాలి. ఆ బరువుకి మేకు అడుగు భాగం రబ్బరులో సరిగ్గా సర్దుకుంటుంది. మొదటి రోజే గడ్డ మంచు మీద బ్రేకులు బిగిస్తే మేకులు పక్కకి ఒరిగి, నెల తిరక్కుండా ఊడిపోతాయి. కాబట్టి మొదటిసారి జారి పడ్డాక కాదు, రాత్రి చలి సున్నాకి దగ్గరపడుతోందని తెలిసినప్పుడే బిగించి, ఆ దూరం పొడి రోడ్డు మీద పూర్తి చేసుకోవాలి.

ఇక గాలి. ఈ టైర్ల గురించి వచ్చే ఫిర్యాదుల్లో ‘పట్టు లేదు’ అన్నదీ ‘లాగలేకపోతున్నాను’ అన్నదీ రెండూ చాలావరకు పంపు దగ్గర పరిష్కారమయ్యేవే. నాలుగు వరుసల టైరులో గాలి గట్టిగా ఉంటే టైరు గుండ్రంగా నిలిచి నడిమి భాగమే నేలకి ఆనుతుంది, బయటి మేకులు గాలిలో ఉంటాయి. పొడి రోడ్డుకి అది మంచిదే: తేలిగ్గా కదులుతుంది, చప్పుడు తగ్గుతుంది, బయటి మేకులు అరగవు. గాలి తగ్గిస్తే టైరు పాదం వెడల్పై బయటి మేకులు కూడా కిందికి దిగుతాయి. అంటే ఒకే టైరు రెండు టైర్ల పని చేస్తుంది, తేడా పంపు మీద మీ చేతిలో ఉంటుంది.

అంకెల్లో చెప్పాలంటే, 42 మిల్లీమీటర్ల వెడల్పు టైరు, మనిషి, సైకిల్, సంచి కలిపి 95 కిలోల వరకు బరువు అనుకుంటే, పొడి రోజున వెనక 4 బార్ (సుమారు 58 పీఎస్ఐ; రెండూ పంపు మీద కనిపించే గాలి ఒత్తిడి కొలతలే), ముందు 3.5 దగ్గర మొదలుపెట్టండి. గడ్డ మంచు రోజున వెనక 3 (44 పీఎస్ఐ), ముందు 2.5 (36 పీఎస్ఐ). బరువు ఎక్కువైతే కాస్త పెంచాలి. టైరు పక్కన రాసిన కనిష్ఠానికి మాత్రం కిందికి పోవద్దు. పోతే గుంట అంచుకి తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకి నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి, పాము కాటులా.

దీనికి చలి లెక్క కూడా కలపాలి. ఇంట్లో 20 డిగ్రీల దగ్గర 3 బార్ కొట్టిన టైరు బయట మైనస్ 10 డిగ్రీలకి వచ్చేసరికి దాదాపు 2.6 బార్‌కి దిగుతుంది. ఎక్కడా కారలేదు, లోపలి గాలి చల్లబడి దాని ఒత్తిడి తగ్గింది, అంతే. వెచ్చటి గదిలో గాలి చూసుకునేవాళ్లు ఈ 0.4 బార్ కలిపి కొట్టాలి. బయట చలిలోనే పెట్టి అక్కడే చూసుకునేవాళ్లకి ఈ లెక్క అక్కర్లేదు. చలిలో పంపు తల పట్టుకోకపోతే వాల్వులో తేమ గడ్డకట్టిందేమో చూడండి. అరచేతిలో ఓ నిమిషం పట్టుకుంటే వదులుతుంది. వాల్వుకి మూత ఉండాల్సింది ఇందుకే.

నడిపే తీరులో మార్పు పెద్దగా అక్కర్లేదు గానీ, మేకులున్నాయని ఎండాకాలంలోలా నడపకూడదు. గడ్డ మంచు మీద తిన్నగా పోవడం, మెల్లగా తిరగడం, నిదానంగా ఆగడం దాకా ఈ టైరు భరోసా ఇస్తుంది. మలుపు ముందే వేగం తగ్గించి, మలుపులో బ్రేకు ముట్టకుండా, సైకిల్‌ని వాల్చకుండా తిప్పండి. బ్రేకు తిన్నగా ఉన్నప్పుడు వేయాలి. మొదట వెనక బ్రేకు, తర్వాత ముందు చక్రానిది వేలి కొసతో. ఆగి కాలు కింద పెట్టేటప్పుడు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది: టైరుకి మేకులున్నాయి, బూటుకి లేవు. సిగ్నల్ దగ్గర ఆగి కాలు ఆన్చినప్పుడు ఆ కాలు జారి పడడం మామూలే.

మేకులు పట్టు తగ్గించే చోట్లు కూడా ఉన్నాయి. ఇనుప తూము మూతలు, వంతెన కీళ్ల మీది ఇనుప పలకలు, ట్రాము పట్టాలు, నున్నటి రాయి పరిచిన చప్టాలు. వీటి మీద కార్బైడ్ మొన గుచ్చుకోలేదు, రబ్బరు పూర్తిగా ఆనకుండా మేకు మధ్యలో అడ్డంగా నిలుస్తుంది. వాటిని నిటారుగా, తొక్కకుండా, బ్రేకు లేకుండా దాటాలి. పొడి తారు మీద కూడా మామూలు టైరుతో పోలిస్తే ఆగడానికి కాస్త ఎక్కువ దూరం పడుతుందనే అనుకుని నడపడం క్షేమం.

బరువు సంగతి దాచాల్సింది కాదు. 42-622 సైజు నాలుగు వరుసల టైరు ఒక్కోటి కిలో చుట్టూ తూగుతుంది, పైగా ఆ బరువు చక్రం అంచున ఉంటుంది. సిగ్నల్ దగ్గర మళ్లీ కదిలినప్పుడల్లా కాళ్లకి తెలుస్తుంది. అరగంట దారికి ఓ నాలుగైదు నిమిషాలు ముందు బయల్దేరండి. చప్పుడు రేకుల కప్పు మీద చినుకులు పడ్డట్టు ఉంటుంది. పొడి రోడ్డు మీద గట్టిగా, మంచు మీదికి రాగానే కరకరమంటూ మెత్తబడుతుంది. ఈ చప్పుడు పనికొచ్చేదే. కళ్లకి కనపడని గడ్డ మంచు మీదికి వచ్చామని ముందు చెవికే తెలుస్తుంది.

ఇంటిలోపలికి, ఆఫీసు లోపలికి సైకిల్ తెచ్చుకునేవాళ్లు గచ్చు మీద తిప్పొద్దు, ఎత్తుకు రండి. చెక్క నేలైనా, నున్నటి టైలైనా గీతలు పడతాయి. టైరు పక్కకి రాసుకునే పాత రకం డైనమో ఉంటే తడి మంచులో అది జారుతుంది. బ్యాటరీ లైటో, హబ్బులో, అంటే చక్రం నడిమి ఇరుసు దగ్గర, ఉండే డైనమోనో కావాలి.

ఇంట్లో తయారుచేసుకునే ప్రత్యామ్నాయాల గురించి రెండు మాటలు. పాత గళ్ల టైరుకి లోపలి నుంచి బయటికి స్క్రూలు దింపడం పనిచేస్తుంది. కానీ స్క్రూ తలలు లోపల ట్యూబుని రాస్తూ ఉంటాయి, మందపాటి పట్టీ వేయకపోతే వారంలో చిల్లు. పైగా ఆ స్క్రూలు మెత్తటి ఉక్కు, తారు మీద రోజుల్లో అరుగుతాయి. రోజూ పోయే దారికి పనికిరాదు, గడ్డకట్టిన చెరువు మీద ఒక పూట నడపడానికైతే సరే. ప్లాస్టిక్ జిప్ టైలు (వైర్లు కట్టే పట్టీలు) టైరు చుట్టూ బిగించడం డిస్క్ బ్రేకుల్లాంటి, రిమ్ముని పట్టని బ్రేకులున్న సైకిల్‌కే సాధ్యం, రిమ్ము పట్టే బ్రేకులైతే తగులుకుంటాయి. అవి మెత్తటి మంచులో కాస్త సాయపడతాయి, పొడి రోడ్డు మీద పటపటా తెగిపోతాయి. మధ్యదారిలో మంచు ముంచుకొస్తే ఇల్లు చేరడానికి సంచిలో పది ఉంచుకోవడం తప్పు కాదు.

ఉప్పు చల్లే రోడ్ల మీద నడిపితే వారానికోసారైనా గోరువెచ్చటి నీళ్లు పోసి కడగండి, బలంగా చిమ్మే గొట్టంతో కాదు. ఆ ఒత్తిడికి ఉప్పు నీళ్లు బేరింగుల లోపలికి పోతాయి. చైను తుడిచి ఆరనిచ్చి, తడి వాతావరణానికి చేసిన చిక్కటి నూనె ఒక్కో లింకుకి ఒక్కో చుక్క వేసి పైపైన తుడిచేయండి. కడిగేటప్పుడే చక్రాన్ని మెల్లగా తిప్పుతూ మేకులు చూసుకోవాలి. ఖాళీ గుంటలు ఒకటి రెండు విడివిడిగా ఉంటే ఫరవాలేదు. వరసగా నాలుగైదు పోయి ఉంటే అక్కడ పట్టు తెగుతుంది, కొత్తవి పెట్టాలి. ఆ కంపెనీవే విడి మేకులు, వాటిని గుచ్చే చిన్న పరికరం దొరికే రకం టైరు కొనడం అందుకే మంచిది. గుంటలో సబ్బు నీళ్ల చుక్క వేసి, మేకుని పరికరంలో నిటారుగా పట్టి, ఒక్క ఊపున నొక్కి కొద్దిగా తిప్పితే కూర్చుంటుంది. నూనె వాడొద్దు, రబ్బరు మెత్తబడి మళ్లీ ఊడుతుంది. మొన మేకు ఒంటితో సమానంగా అరిగిపోతే గుంటలన్నీ నిండుగా ఉన్నా ఆ టైరు పని అయిపోయినట్టే.

ఒక వారం మంచు, ఒక వారం పొడి ఎండ అన్నట్టుండే చోట టైరు మార్చడం విసుగు పుట్టిస్తుంది. అలాంటప్పుడు మేకుల టైర్లు బిగించిన రెండో జత చక్రాలు ఉంచుకోవడం అన్నిటికంటే తెలివైన ఏర్పాటు, మార్పు పది నిమిషాల పని. కాకపోతే మూడు కలవాలి. డిస్కు రెండు చక్రాల మీదా ఒకే స్థానంలో ఉండాలి, అర మిల్లీమీటరు తేడా ఉన్నా బ్రేకు రాస్తుంది, అప్పుడు పలచటి వాషర్లు వేసి సరిచేయాలి. రిమ్ము బ్రేకులైతే రిమ్ము వెడల్పు ఒకటే కావాలి. వెనక గేర్ల చక్రాలు దాదాపు ఒకేలా అరిగి ఉండాలి. కొత్త చైను అరిగిన గేర్ల మీద తొక్కగానే ఎగిరిపడుతుంది, మంచు మీద కాళ్లు అలా ఖాళీగా జారడం పడిపోవడానికి మొదటి మెట్టు.

సీజన్ అయ్యాక ఉప్పంతా కడిగి, పూర్తిగా ఆరాక, ఎండ తగలని చల్లటి గదిలో వేలాడదీయండి. మోటార్లు తిరిగే చోట వద్దు, అక్కడ పుట్టే ఓజోను రబ్బరుని పగలగొడుతుంది. తీసేముందే టైరు పక్కన చాక్‌పీసుతో ‘ముందు’, ‘వెనక’ అని రాసి, తిరిగే వైపుకి బాణం గీసుకోండి. మేకులు ఒక వైపుకి అలవాటుపడి కూర్చున్నాయి, వచ్చే ఏడు తిరగేసి బిగిస్తే గుంటల్లో మళ్లీ కదలడం మొదలుపెడతాయి.